నడిమింటి పగడాల తొట్టికి పైకప్పు నుంచి పగటి వెలుతురు తేవచ్చా?

గాజుపెంకు (బరంపురం) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మాది బరంపురంలో పాత వీధి ఇల్లు. ముందు నుంచి వెనక్కు పొడుగ్గా సాగి, రెండు పక్కలా పొరుగిళ్ల గోడలకు ఆనుకొని ఉండటం వల్ల, వీధి గదికీ పెరటి వైపు వంటగదికీ మధ్యనున్న నడిమింట్లో మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేసుకోవలసిందే. నా సముద్రపు నీటి తొట్టి ఉన్నది ఆ నడిమింట్లోనే. అది తూర్పు పడమరలుగా నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కలది. రాళ్లూ ఇసుకా పోగా, కింది సంపుతో (నీటిని వడపోసే చిన్న తొట్టితో) కలిపి దాదాపు 380 లీటర్ల నీరు ఉంటుంది. అందులో మెత్తటి రకం పగడాలైన జోయాంథిడ్లు, మష్రూమ్ పగడాలు, ఒక పెద్ద లెదర్ పగడం, వాటితో పాటు ఒక జంట క్లౌన్ చేపలు ఉన్నాయి. 150 వాట్ల ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు 9 గంటల పాటు వెలిగిస్తున్నాను.

ఈ ఏడాది వానలకు ముందు డాబా మీద నీరు దిగకుండా మళ్లీ పూత వేయించబోతున్నాము. ఎలాగూ మేస్త్రీ వస్తున్నాడు కనుక, తొట్టికి సరిగ్గా పైన మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున శ్లాబు కోయించి, దాని మీద గాజు బిగించి స్కైలైట్ చేయించాలని ఆలోచన. నీటి మట్టం నుంచి శ్లాబు పైభాగానికి దాదాపు ఆరడుగుల ఎత్తు ఉంది. అప్పుడు ఎల్‌ఈడీ దీపాన్ని పూర్తిగా తీసివేయవచ్చునా? ఎండాకాలంలో నీరు వేడెక్కుతుందేమోనన్న భయం ఒకటి, నాచు పట్టేస్తుందని స్నేహితులు పెడుతున్న భయం మరొకటి ఉన్నాయి. అసలు ఎండే దొరికినప్పుడు అక్రోపోరా వంటి రాతి పగడాలను కూడా పెంచవచ్చునని ఆశగా ఉంది. అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

లెక్కలమాస్టారు (రాయగడ) సమాధానం:

గాజుపెంకు గారూ, శ్లాబు కోయించే ముందు ఒక్కసారి సూర్యుడి దారిని లెక్క వేసుకోవలసిందిగా మనవి. బరంపురం దాదాపు 19.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. కాబట్టి మే మూడో వారంలోనూ, జూలై చివరి వారంలోనూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండింటి మధ్య కాలంలో నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన, అత్యధికంగా నాలుగు డిగ్రీల మేర, ఉంటాడు. డిసెంబరు చివరి వారానికి వచ్చేసరికి మధ్యాహ్నం కూడా దక్షిణ దిక్కున 47 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. మీరు చెప్పిన ఆరడుగుల ఎత్తుకు దీన్ని అన్వయిస్తే, మే, జూన్, జూలై నెలల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తొట్టి మీదే పడుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల నాటికి ఆ ఎండ మరక రెండడుగులు ఉత్తరానికి జరిగి, తొట్టి అంచు దాటిపోతుంది. డిసెంబరులో అయితే అయిదున్నర అడుగుల అవతల నేల మీద పడుతుంది. అంటే, ఎండ వద్దనుకునే రోజుల్లో నిండుగానూ, కావాలనుకునే రోజుల్లో అసలే లేకుండానూ మీ స్కైలైట్ పని చేస్తుందన్న మాట.

ఇక వేడి సంగతి. నిట్టనిలువు ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల శక్తిని మోసుకొస్తుంది. మీ ఆరు చదరపు అడుగుల కంత ద్వారా, గాజులో పోయినది పోగా, 450 వాట్ల దాకా నీటిలో దిగుతుందనుకుందాం. 380 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1560 కిలోజౌళ్లు కావాలి; 450 వాట్లు గంటలో ఇచ్చేది 1620 కిలోజౌళ్లు. కాబట్టి ఎండ పూర్తిగా పడుతున్నంత సేపూ నీటి ఉష్ణోగ్రత గంటకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఎండ మరక కూడా గంటకు అడుగున్నరకు పైగా తూర్పుకు జరుగుతూ మధ్యాహ్నం రెండు దాటేసరికి తొట్టిని వదిలిపోతుంది. అయినప్పటికీ ఒక్క పూటలో రెండు డిగ్రీలకు పైగా పెరుగుదల ఖాయం. ఉదయమే 28 డిగ్రీలున్న నీరు మే నెల మధ్యాహ్నానికి 30 దాటుతుంది. పగడాల కణాలలో నివసించే సూక్ష్మ శైవలాలకు ఆ స్థితి రోజుల తరబడి కొనసాగితే అవి బయటికి వెళ్లగొట్టబడి, పగడం తెల్లబారుతుంది. ఎక్కువ వేడి, ఎక్కువ వెలుతురు రెండూ కలిసి వచ్చినప్పుడు ఈ తెల్లబారడం మరీ త్వరగా జరుగుతుంది. మీ స్కైలైట్ ఆ రెండింటినీ ఒకే వేళకు తెచ్చిపెడుతున్నది.

ఇందుకు రెండు మార్గాలు కనిపిస్తున్నాయి. తొట్టికి నేరుగా పైన కాకుండా, నాలుగున్నర అడుగులు దక్షిణానికి జరిపి కంత పెట్టిస్తే, అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మాత్రమే మధ్యాహ్నపు ఎండలో ఎక్కువ భాగం తొట్టి మీద పడుతుంది. వేసవిలో నేల మీద పడి, గోడల నుంచి తిరిగి వచ్చిన వెలుతురు మాత్రమే అందుతుంది. అయితే శ్లాబు మందం వల్ల ఏటవాలు ఎండ కొంత మధ్యలోనే ఆగిపోకుండా కంత లోపలి ఉత్తరపు అంచును ఏటవాలుగా చెక్కించవలసి ఉంటుంది. రెండవది, కంతను బాగా చిన్నది చేసి, అడుగున పాలరంగు అక్రిలిక్ పలకను బిగించి, ఎండను మరకగా కాక చెదిరిన వెలుతురుగా దింపడం. నాకు రెండవదే మేలనిపిస్తున్నది. ఎంత చిన్నది కావాలో తేలాలంటే ముందు మీ పగడాలకు ఎంత వెలుతురు కావాలో తేలాలి. అది నా కంటే తెలిసిన వారు చెప్పాలి.

ఉప్పుగాలి (గోపాలపూర్) సమాధానం:

మాస్టారు వదిలిన చోటు నుంచి అందుకుంటాను. అయితే ముందుగా అక్రోపోరా ఆశను మానుకోవలసిందిగా కోరుతున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లోనే రాతి పగడాలన్నింటినీ, వాటితో పాటు నల్ల పగడాలను, నిప్పు పగడాలను, సముద్రపు విసనకర్రలను చేర్చారు. ట్రైడాక్నా జాతిలోని రెండు రకాల పెద్ద ఆల్చిప్పలు కూడా అందులో ఉన్నాయి. అమ్మేవాడు ఎంత ధీమాగా చెప్పినా, ఇంట్లో పెట్టుకుంటే నేరం మీ పేరనే నమోదవుతుంది. 2022 సవరణతో షెడ్యూళ్లను తిరగరాశారు కనుక, కొత్తగా ఏ జీవిని కొనబోయినా ఆ జాబితాను చూసుకోవడం మంచిది.

ఈ నిషేధం వల్ల మీ లెక్క తేలికవుతుంది. పగడాల పెంపకంలో వెలుతురును పార్ అనే కొలతతో, అంటే సెకనుకు చదరపు మీటరు మీద పడే కాంతి కణాలను మైక్రోమోళ్లలో లెక్కిస్తారు. నడినెత్తి ఎండ 2000 దాకా ఉంటుంది. అక్రోపోరా వంటివి 200 నుంచి 400 వరకు కోరుకుంటాయి. మీ వద్దనున్న మష్రూమ్ పగడాలకు 50 నుంచి 100, జోయాంథిడ్లకూ లెదర్ పగడానికీ 100 నుంచి 150 సరిపోతుంది. అంటే మీకు కావలసింది ఎండలో పదో వంతు కూడా కాదు. తొట్టి నీటి పైభాగం 0.72 చదరపు మీటర్లు. దాని మీద సగటున 150 పడాలంటే మొత్తం 108 కావాలి. చదరపు మీటరుకు 2000 ఇచ్చే ఎండలో సగం దారిలోనే పోతుందనుకున్నా, 0.11 చదరపు మీటర్ల కంత చాలు. అది పదమూడు అంగుళాల చదరం. మీరు తలపెట్టినది దానికి అయిదు రెట్లు పెద్దది.

కొలవడానికి ఖరీదైన నీటిలోపలి పార్ మీటరు లేకపోయినా ఇబ్బంది లేదు. సూర్యకాంతి విషయంలో లక్స్‌ను 54తో భాగిస్తే పార్ దాదాపుగా వస్తుంది కాబట్టి, నీటి మీద 5400 లక్స్ చూపిస్తే అక్కడ 100 ఉన్నట్లు. నీలం ఎక్కువగా ఉన్న ఎల్‌ఈడీ కింద మాత్రం ఈ భాగహారం పనికిరాదు. లక్స్ మీటరు మనిషి కంటికి అనుగుణంగా తయారైనది కనుక నీలాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

ఎల్‌ఈడీని తీసివేయడానికి నేను ఒప్పుకోను. మధ్యాహ్నపు ఎండ రంగు మనకు తెల్లగా, కొంచెం పసుపుగా కనిపిస్తుంది. జోయాంథిడ్ల నారింజ, ఆకుపచ్చ రంగులు మెరిసిపోయేది 420 నుంచి 460 నానోమీటర్ల నీలి వెలుతురులోనే. సూర్యుడి తెల్లని కాంతి ఆ మెరుపును కప్పివేస్తుంది. సముద్రంలో లోతుకు పోయే కొద్దీ నీరు ఎరుపును మింగేస్తుంది కాబట్టి అక్కడ నీలమే మిగులుతుంది. రెండడుగుల తొట్టిలో ఆ వడపోత జరగదు. పగడాల ఆరోగ్యానికి దీనివల్ల నష్టమేమీ లేదు. నష్టపోయేది మన కంటి సరదాయే. ఇంకా వానాకాలం ఉన్నది కదా. జూలైలో మబ్బు కమ్మి వారాల తరబడి సూర్యుడు కనబడకపోతే, పదమూడు అంగుళాల కంత నుంచి వచ్చేది నామమాత్రమే.

కరెంటు ఆదా గురించి మీరు అడగలేదు కానీ చాలామంది ఈ ఆలోచనను మొదలుపెట్టేది అక్కడి నుంచే. మీ దీపానికి నెలకు దాదాపు 40 యూనిట్లు అవుతాయి. యూనిటుకు ఆరు రూపాయలు వేసుకున్నా 240 రూపాయలు. పెద్ద స్కైలైట్ పెట్టి, ఆ వేడిని తీయడానికి చిల్లర్ కొని, రోజుకు అదనంగా నాలుగైదు గంటలు తిప్పితే, ఆదా అయినది అక్కడే హరించుకుపోతుంది. ఫ్యాన్ పెట్టి ఆవిరి చేయించి చల్లార్చడం చవకే. ఒక లీటరు నీరు ఆవిరైతే మీ తొట్టి మొత్తం ఒకటిన్నర డిగ్రీ చల్లబడాలి. కాని సముద్రం ఒడ్డున ఉండే మన గాలి జూన్ నుంచి తడి గుడ్డలా ఉంటుంది. ఆవిరి కావడానికే చోటుండదు. మాస్టారి రాయగడలో ఏప్రిల్ నెల పొడి గాలికి పనిచేసే ఫ్యాన్ మన వైపు ఆషాఢంలో పనిచేయదు.

నాచు విషయంలో మీ స్నేహితుల మాట సగమే నిజం. నైట్రేటు, ఫాస్ఫేటు పేరుకున్న నీటిలో ఏ దీపం కిందైనా నాచు పెరుగుతుంది. పక్క కిటికీ నుంచి గాజు పలక మీద పడే ఎండ చికాకు పెడుతుంది, పైనుంచి వచ్చేది అంతగా పెట్టదు. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నివసించే సముద్రపు రాళ్లు), గాలి బుడగలు, సూర్యకాంతి మాత్రమే వాడి ఇంట్లో సముద్రపు తొట్టెలు నడిపిన పద్ధతిని ప్రకటించారు. నేటి పగడాల పెంపకానికి అది తొలి మెట్లలో ఒకటి. మనకు ఇంకా దగ్గరి పోలిక ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్. భూమధ్యరేఖకు ఉత్తరాన బరంపురం ఎంత దూరంలో ఉందో, దక్షిణాన ఆ ఊరు ఇంచుమించు అంతే దూరంలో, 19.3 డిగ్రీల దగ్గర ఉన్నది. అక్కడ 1987లో ప్రారంభమైన ఆక్వేరియంలో 25 లక్షల లీటర్ల పగడాల కొలనును ఆరుబయలు ఎండలోనే పెంచారు. అంత నీరు పగటి వేడిని తనలో ఇముడ్చుకోగలదు; మన 380 లీటర్లకు ఆ ఓర్పు లేదు.

చువ్వ సిమెంటు (పర్లాకిమిడి) సమాధానం:

నేను పగడాలు పెంచను, ఇళ్లు కట్టిస్తాను. మాస్టారు చెప్పిన రెండు మార్గాల్లో మొదటిది కాగితం మీద బాగుంది కానీ, శ్లాబుకు చదరపు కంత కోసి లోపలి అంచు చెక్కడమంటే చువ్వలు తెగడమే. దక్షిణానికి జరపాలన్న చోట దూలం అడ్డు వస్తే ఏం చేస్తారు? ఉప్పుగాలి గారి లెక్క ప్రకారం పదమూడు అంగుళాలు చాలుననుకుంటే, కోర్ కటింగ్ యంత్రంతో పద్నాలుగు అంగుళాల గుండ్రని రంధ్రం తీయించి, లోపల అద్దంలా మెరిసే రేకు పూసిన వెలుతురు గొట్టం దింపడం అన్నిటికంటే శుభ్రమైన పని. ఆ గొట్టం సూర్యుడు ఏ పక్కన ఉన్నా వెలుతురును గోడల మీద తిప్పుకుంటూ కిందికి పంపిస్తుంది కాబట్టి, డిసెంబరులో ఎండ నేల పాలయ్యే సమస్య కూడా ఉండదు. రంధ్రం వేసే ముందు చువ్వలు ఎక్కడున్నాయో స్కానర్‌తో చూసి, వీలైనంత తక్కువ తెగే చోటును ఇంజనీరు చేత గుర్తు పెట్టించుకోండి. పాత ఇల్లంటున్నారు, శ్లాబు కింద పెచ్చులు ఊడుతున్నట్లయితే ఈ పని అసలే వద్దు.

నీరు దిగేది కంత చుట్టూ కట్టే గట్టు దగ్గరే. డాబా మట్టం కంటే కనీసం ఆరంగుళాల ఎత్తున కాంక్రీటు గట్టు పోసి, మీరు వేయించబోయే పూతను ఆ గట్టు మీదుగా పైదాకా ఎక్కించాలి. గట్టు పని ముందు, పూత తరువాత. మేస్త్రీలు తొందరలో దీన్ని తిరగేస్తారు.

పైకప్పుకు గాజు వాడదలచుకుంటే ల్యామినేటెడ్ గాజు తప్ప మరొకటి వద్దు. టఫెన్డ్ గాజు పగిలితే చిన్న చిన్న ముక్కలై నేరుగా తొట్టిలో రాలుతుంది. ల్యామినేటెడ్ గాజు పగిలినా మధ్య పొరకు అంటుకొని నిలబడుతుంది. ఆ పొర అతినీలలోహిత కిరణాలను కూడా దాదాపు పూర్తిగా ఆపుతుంది. ఎండ శక్తిలో సుమారు సగం కంటికి కనబడని పరారుణం. దాన్ని తగ్గించే సోలార్ కంట్రోల్ గాజు దొరికితే, వెలుతురు పెద్దగా తగ్గకుండా వేడి తగ్గుతుంది. పాలీకార్బొనేట్ గుబ్బ వాడితే చవక, తేలిక, వడగండ్లకు తట్టుకుంటుంది. కొన్నేళ్లకు పసుపు బారుతుంది, అప్పుడు మార్చాలి.

గాలి సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా పర్లాకిమిడిని ముంచింది. కాబట్టి గుబ్బను జిగురుతో అంటించి ఊరుకోకుండా, గట్టుకు యాంకర్ బోల్టులతో బిగించి, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పైన వేసి కట్టడానికి వీలుగా రేకు మూత ఒకటి చేయించి దగ్గర ఉంచుకోండి.

మీ తొట్టి ఉప్పునీటిది కాబట్టి ఇంకొక మాట. నీటి ఆవిరి గొట్టంలోకి ఎక్కి, చలికాలం రాత్రుళ్లు చెమ్మగా మారి, తిరిగి తొట్టిలోకే కారుతుంది. దారిలో ఇత్తడి మరలు, రాగి, జింకు పూత రేకు ఉంటే వాటిని కడిగి తెస్తుంది. రాగి పగడాలకు విషమని ఇక్కడివారికి తెలిసిందే. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ప్లాస్టిక్ బిగింపులు మాత్రమే వాడించండి. గొట్టం అడుగున మాస్టారు చెప్పిన పాలరంగు పలకను రబ్బరు వాషరుతో గాలి చొరకుండా మూసేస్తే ఈ బెడద చాలా వరకు తప్పుతుంది.

గాజుపెంకు (బరంపురం):

ముగ్గురికీ కృతజ్ఞతలు. అక్రోపోరా ఆలోచన విరమించుకున్నాను. చట్టం సంగతి నాకు నిజంగా తెలియదు. తొట్టికి పైన దూలం లేదని, శ్లాబు గట్టిగానే ఉందని మా ఇంజనీరు గారు చూసి చెప్పారు. పద్నాలుగు అంగుళాల గొట్టం, పైన పాలీకార్బొనేట్ గుబ్బ, అడుగున పాలరంగు పలక అని నిర్ణయించుకున్నాము. ఎల్‌ఈడీని ఉంచి, ఉదయం, సాయంత్రం నీలి వెలుతురుకు మాత్రమే వాడతాను. రెండు సందేహాలు మిగిలాయి. దీపం కింద అలవాటు పడిన పగడాలను ఎండ వెలుతురుకు ఎలా అలవాటు చేయాలి? మబ్బు రోజుల్లో వెలుతురు హెచ్చుతగ్గులైనప్పుడు క్యాల్షియం, క్షారత మోతాదులు మార్చుకోవాలా?

ఉప్పుగాలి (గోపాలపూర్):

రెండవదానికి ముందు చెబుతాను. పగడం రాయి కట్టుకోవడానికి క్యాల్షియం, క్షారత వాడుకుంటుంది, ఆ వాడకం వెలుతురుతో పాటు పెరిగి తగ్గుతుంది. రాతి పగడాలున్న తొట్టిలో ఇది రోజువారీ తలనొప్పి అయ్యేది. మీ మెత్తటి పగడాలు వాడేది చాలా స్వల్పం కాబట్టి, వారం వారం కొంత ఉప్పునీరు మారుస్తూ, క్షారత 8, 9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) మధ్య ఉందో లేదో చూసుకుంటే చాలు; రోజువారీ మోతాదులు అక్కరలేదు. ఆవిరైన నీటికి బదులుగా ఆర్‌ఓ నీరు మాత్రమే పోయండి.

అలవాటు చేయడానికి నర్సరీల్లో వాడే షేడ్ నెట్ చవకైన సాధనం. 75 శాతం నీడనిచ్చే నెట్టును రెండు పొరలుగా గొట్టం అడుగున పలక కింద కట్టి, పగడాలు ముడుచుకోకుండా, రంగు పాలిపోకుండా ఉన్నాయని చూసుకుంటూ, రెండు మూడు వారాలకు ఒక పొర చొప్పున తీసి, మధ్యలో 50 శాతం నెట్టు వేసి, చివరికి అదీ తీసేయండి. ఆ రోజుల్లో ఎల్‌ఈడీ గంటలను కూడా కొద్దికొద్దిగా తగ్గించండి. మష్రూమ్ పగడాలను అంతకు ముందే రాళ్ల నీడకో, తొట్టి చివరలకో మార్చుకోవడం మేలు.

లెక్కలమాస్టారు (రాయగడ):

దీనికి ఒక్క మాట చేరుస్తాను. కంత పని వానలకు ముందే పూర్తయినా, వెలుతురును అప్పుడే దింపవద్దు. మే నెలలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, పగలు దాదాపు 13 గంటలు. ఆ తరువాత వెంటనే మబ్బులు. అలవాటు చేయడానికి ఇంతకంటే ఒడుదొడుకుల కాలం దొరకదు. చువ్వ సిమెంటు గారు చెప్పిన రేకు మూతను అక్టోబరు తుపానుల కాలం దాటే దాకా వేసే ఉంచి, నవంబరులో తీసి నెట్టు కట్టడం మొదలుపెడితే, పగలు 11 గంటలకు కుదించుకుపోయే డిసెంబరు నాటికి పగడాలు కొత్త వెలుతురుకు కుదురుకుంటాయి. ఆ తరువాత సూర్యుడే రోజురోజుకూ పైకి జరుగుతూ మిగిలిన మోతాదును మెల్లగా పెంచుతాడు. మొదటి వేసవిలో మాత్రం ఏప్రిల్ రాగానే థర్మామీటరు చూస్తూ, నీరు 29 దాటిన రోజున 50 శాతం నెట్టును మళ్లీ కట్టేయండి.